180 మీద షడ్జం

పాటలు నా బల్ల మీదికి ఫోన్లలో వస్తాయి. జోలపాట, మంగళహారతి, అప్పగింతల పాట, ఊరి భజనలో తాత పాడిన చరణం. వెనక ఫ్యాన్ చప్పుడు, కుక్కర్ విజిల్, పిల్లల గోల. ఆ పాటను గ్రీటింగ్ కార్డు లోపల పెట్టి, కార్డు తెరవగానే మోగేలా చేసి ఇవ్వడం ఇప్పుడు నా పనిలో పెద్ద భాగం. మిగిలింది పాత పనే: ఇన్వర్టర్ బోర్డులు, ఆంప్లిఫయర్లు, మిక్సీలు. కొట్టు హనుమకొండలో. సరుక్కి మాత్రం హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి పోవాల్సిందే.

పాడే కార్డు కొత్త సంగతేమీ కాదు. మా తరం మెకానిక్కులందరికీ యూఎం66 తెలుసు. మూడు కాళ్లు, చూడ్డానికి మామూలు ట్రాన్సిస్టర్ లాగే ఉంటుంది. చిన్న సెల్ కరెంటు ఇస్తే చాలు, లోపల ముద్రించి ఉన్న పాట వాయిస్తుంది. పేరు చివరి అంకెలను బట్టి పాట: 08 అయితే హ్యాపీ బర్త్‌డే, 19 అయితే బీథోవెన్ స్వరపరచిన 'ఫర్ ఎలీస్'. కాలింగ్ బెల్లుల్లో, వెనక్కి వచ్చే కార్లలో, బొమ్మల్లో అది మోగని వీధి లేదు. లోపల చోటు కొద్ది స్వరాలకే. ఫ్యాక్టరీలో ముద్ర పడ్డాక ఒక్క స్వరం కూడా మార్చడం కుదరదు. అంత చవకలో అంత పని చేసిన ఆ చిప్పంటే నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ నా చేతికి వచ్చిన వాటిలో మన పాట ఎన్నడూ లేదు. ఇంట్లో పాడుకునే పాట పెట్టమని అడిగినవాళ్లకు చాలా ఏళ్లు లేదనే చెప్పాను.

ఆ 'లేదు'ను 'ఉంది' చేసింది ఏటీటైనీ85. ఎనిమిది కాళ్ల చిన్న మైక్రోకంట్రోలర్. నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో చదువుకుంటున్న ఆల్ఫ్ ఎగిల్ బోగెన్, వేగార్డ్ వోలాన్ అనే ఇద్దరు కుర్రాళ్ల ఆలోచన నుంచి పుట్టిన ఏవీఆర్ కుటుంబం దీనిది. అట్మెల్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది, 2016లో ఆ కంపెనీ మైక్రోచిప్ చేతికి వెళ్లింది. ప్రోగ్రాముకు 8 కిలోబైట్లు, ర్యామ్ 512 బైట్లు. ఫోన్లకు అలవాటు పడ్డ కుర్రాళ్లు ఆ అంకెలు విని నవ్వుతారు. నేను లెక్క చెబుతాను: ఒక స్వరానికి రెండు బైట్లు చాలు, ఒకటి ఏ స్వరమో చెప్పడానికి, రెండోది ఎంతసేపో చెప్పడానికి. వంద స్వరాల పాట 200 బైట్లలో ఒదుగుతుంది. మామూలుగా మన ఇళ్లలో పాడే జోలపాటలు అంతకన్నా పొడుగుండవు. చోటుకు కొదవలేదు. కష్టమంతా వినడంలో ఉంది.

ఒక పాట సంగతి చెబితే ఆ కష్టం తెలుస్తుంది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ వచ్చారు. మనవరాలి మొదటి పుట్టినరోజుకు కార్డు కావాలి. అందులో ఆవిడ అత్తగారు పాడే జోలపాట ఉండాలి.

"రాగం గీగం నాకు తెల్వది తమ్మీ. మా అత్తమ్మ ఎట్ల పాడిందో అట్లనే రావాలె" అన్నారు.

ఫోన్లో పాట రెండు నిమిషాలుంది. పెద్దావిడకు ఎనభై దాటాయట, గొంతు సన్నగా, నిలకడగా ఉంది. ఇలాంటివి నేను మొదట ఊరికే వింటాను, చేతిలో పెన్ను ఉండదు. రెండోసారి షడ్జం ఎక్కడ పెట్టారో వెతుకుతాను. సంగీతం నేర్చుకోనివాళ్లు కూడా ప్రతి చరణం చివరా ఒకే చోటికి వచ్చి ఆగుతారు. ఆ ఆగే చోటు దొరికితే తాళంచెవి దొరికినట్టే. ఆవిడ ఆగింది నాలుగు కట్టె శ్రుతికి దగ్గర్లో. పాట సాగేకొద్దీ గొంతు కొంచెం పైకి జరిగింది, రెండో నిమిషానికి అర స్వరం తేడా వచ్చింది. అది నేను కార్డులోకి ఎక్కించను. ఇంట్లో పాడేవాళ్లకు శ్రుతి జరగడం సహజం, వినేవాళ్లు గమనించరు. చిప్పు జరిగితే మాత్రం చెడిపోయినట్టు వినిపిస్తుంది.

ఇక స్వరాలను అంకెలు చేయాలి. చిప్పును సెకనుకు పది లక్షల టిక్కుల వేగంతో నడిపి, దాన్ని ఎనిమిదితో భాగించి టైమరుకు ఇస్తాను. టైమరుకు సెకనుకు 1,25,000 లెక్కలు అందుతాయి. ఎన్ని లెక్కలకు ఒక కంపనం పూర్తి కావాలో నేను చెప్పాలి. అంకె పెద్దదైతే స్వరం కిందికి దిగుతుంది, చిన్నదైతే పైకి పోతుంది. టైమరు ఎనిమిది బిట్లది కాబట్టి 256 దాటి లెక్క పెట్టలేదు.

దొరికే పుస్తకాల్లో, ప్రోగ్రాముల్లో అంతా పియానో లెక్కే. స్థాయిని పన్నెండు సమాన మెట్లు చేసిన అంకెలవి. వాటితో పాడిస్తే మన పాట గాంధారం దగ్గర గుచ్చుకుంటుంది, ఎందుకో చెప్పలేకపోయినా వినేవాళ్ల ముఖం చెబుతుంది. తంబురా మీద పాడే గాంధారం షడ్జానికి అయిదుకు నాలుగు నిష్పత్తిలో ఉంటుంది, పియానో మెట్టు అంతకన్నా కాస్త ఎక్కువ. అందుకే నేను పియానో పట్టిక వదిలేసి నిష్పత్తులతోనే పని చేస్తాను. షడ్జానికి 180 పెట్టుకుంటే రిషభం 160, గాంధారం 144, మధ్యమం 135, పంచమం 120, ధైవతం 108, నిషాదం 96, పై షడ్జం 90. శంకరాభరణం మొత్తం పూర్ణాంకాల్లో వచ్చేసింది! మధ్యమం, నిషాదం తీసేస్తే మోహనం. సాధారణ గాంధారం కావాలంటే 150. శుద్ధ రిషభానికి, శుద్ధ ధైవతానికి మాత్రం అంకె సగాల్లో, ముప్పావుల్లో పడుతుంది. అక్కడ 169తోనో 112తోనో సర్దుకోవాలి. ఈ పట్టిక నా బల్ల ముందు గోడకు అంటించి ఉంటుంది. ఎవరైనా కుర్రాడు పని నేర్చుకోవడానికి వస్తే సోల్డరింగ్ కంటే ముందు దీన్నే చూపిస్తాను. ప్రోగ్రాములో రాసేటప్పుడు ప్రతి అంకెలో ఒకటి తగ్గించాలి, ఎందుకంటే టైమరు సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుంది.

180 అంటే సెకనుకు దాదాపు 694 కంపనాలు. పెద్దావిడ నాలుగు కట్టె షడ్జం 175 దగ్గర ఉంటుంది, 694 దానికి దాదాపు రెండు స్థాయిల పైన పడిందన్నమాట. ఆ రెండు స్థాయిలు ఎందుకు పెంచాలో తర్వాత చెబుతాను. చిప్పు లోపలి గడియారం ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు పది శాతం దాకా అటూ ఇటూ ఉండవచ్చు. ఇది విని చాలామంది భయపడి క్రిస్టల్ పెడతారు. నాకు దాని అవసరం కనిపించదు. పాటంతా అదే గడియారం మీద నడుస్తుంది కాబట్టి అన్ని స్వరాలూ కలిసే జరుగుతాయి. శ్రుతి మారుతుంది గానీ స్వరాల మధ్య బంధుత్వం మారదు.

స్వరాలు కుదిరాక కాలం. ఒకే స్వరం రెండుసార్లు వస్తే మధ్యలో కొన్ని మిల్లీసెకన్ల నిశ్శబ్దం పెట్టాలి, లేకపోతే రెండూ కలిసిపోయి ఒక పొడుగు స్వరం అవుతుంది. జారు కావాలంటే గాంధారం 144 నుంచి పంచమం 120 దాకా ఒక్కొక్క అంకె దిగుతూ రావాలి, అప్పుడు గొంతు జారినట్టే వినిపిస్తుంది. ఇదంతా చేసి, బోర్డు మీద మోగించి, టీచరమ్మను పిలిచాను. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు.

"స్వరాలు సరిగ్గనే ఉన్నయి గని, అత్తమ్మ గిట్ల పాడది. గీడ ఆగుతది. ఆగి, పిల్లను కొడుతది."

'కొడుతది' అంటే వీపు మీద మెల్లగా తట్టడం. రికార్డింగ్ మళ్లీ పెట్టి విన్నాం. నిజమే, ప్రతి రెండో పాదం చివర మెత్తటి చప్పుడు మూడుసార్లు వినబడుతోంది. పాట ఆగినా ఆ తట్టడం ఆగదు, తాళం అందులోనే ఉంది. ఆ మూడు దెబ్బల కాలాన్ని కొలిచి, పాదం చివర అంత నిశ్శబ్దం పెట్టాను. పట్టికలో స్వరం చోట సున్నా, కాలం చోట అంకె. ఈసారి విని ఆవిడ ఏమీ అనలేదు, మళ్లీ ఒకసారి మోగించమన్నారు. పాట ఎవరిదో గుర్తుపట్టించేది స్వరాల కన్నా ఎక్కువగా ఈ ఆగడాలే. అప్పటినుంచి ఎవరి పాట వచ్చినా ముందు ఆగే చోట్లు గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతే స్వరాలు రాస్తున్నాను.

పాట తయారయ్యాక దానికి గొంతు కావాలి. కార్డులో పెట్టేది పీజో డిస్క్, పలుచని ఇత్తడి బిళ్ల మీద అతికించిన పింగాణీ పొర. ఒత్తితే కొన్ని స్ఫటికాల్లో విద్యుత్తు పుడుతుందని జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. పీజోలో జరిగేది దానికి తిరగేసిన పని: విద్యుత్తు ఇస్తే బిళ్ల వంగుతుంది. 27 మిల్లీమీటర్ల బిళ్ల సుమారు 4 వేల కంపనాల దగ్గర బిగ్గరగా మోగుతుంది, కిందికి వచ్చేకొద్దీ నీరసపడుతుంది. మనిషి గొంతు ఉండే 175 దగ్గర దాదాపు ఏమీ వినపడదు. పాటను రెండు స్థాయిలు పెంచేది అందుకే. 694లో పెడితే దాని అయిదో రెట్టు 3,470 దగ్గరికి వస్తుంది, అక్కడ బిళ్ల బాగా పలికి స్వరానికి మెరుపు ఇస్తుంది. బిళ్ల ఒక కొసను చిప్పు అయిదో కాలికి, రెండో కొసను ఆరో కాలికి కలిపి, ఒకటి పైకి పోయినప్పుడు రెండోది కిందికి పోయేలా నడిపితే 3 వోల్టుల సెల్‌తోనే బిళ్లకు 6 వోల్టుల ఊపు అందుతుంది. వేరే ఆంప్లిఫయర్ అక్కర్లేదు.

బిళ్లను అతికించే తీరు చాలామంది పట్టించుకోరు. వెనకంతా జిగురు పూసి అట్టకు అదిమేస్తే అది వంగలేదు, పాట గొంతులోనే ఉండిపోతుంది. అంచు చుట్టూ మాత్రమే సన్నగా జిగురు రాసి, మధ్యలో గాలి ఆడేలా అట్టకు గుండ్రటి రంధ్రం వదలాలి. అప్పుడు కార్డు ముఖం మొత్తం కలిసి పలుకుతుంది. కార్డు పెద్దవాళ్లకైతే ఇంకో జాగ్రత్త. వయసు పెరిగేకొద్దీ మనకు ముందు తగ్గేది పై స్వరాల వినికిడి. చిన్న బిళ్ల అరిచేదీ అక్కడే. అందుకని తాతలకు, అమ్మమ్మలకు 35 మిల్లీమీటర్ల బిళ్ల వాడతాను, అది ఇంకా కింది స్వరాల దగ్గర బాగా మోగుతుంది. కార్డు సైజు ఒక అంగుళం పెంచుతాను. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ పాట వినాల్సిన మనిషికి వినపడకపోతే ఆ కార్డు చేసి ఏం లాభం?

కార్డు తన జీవితంలో ఎక్కువ కాలం మూసే ఉంటుంది. ఏడాదికి ఒకసారి తీసి వినే కార్డులు కూడా ఉంటాయి. సెల్ సంగతి ఆలోచించాల్సింది ఈ మూసి ఉండే కాలానికే. సీఆర్2032 బిళ్ల సెల్‌లో 220 మిల్లీ ఆంపియర్ గంటల శక్తి ఉంటుంది. పాడేటప్పుడు చిప్పు, పీజో కలిసి తీసుకునేది ఒక మిల్లీ ఆంపియర్ అటూ ఇటూ. అర నిమిషం పాటను లెక్క ప్రకారం 20 వేల సార్లకు పైగా పాడించవచ్చు. కానీ మూసిన కార్డులో ఒక చిన్న దారి తెరిచి ఉంటే ఆ లెక్క తలకిందులవుతుంది. మూసినప్పుడు స్విచ్ కలిసి, తెరిచినప్పుడు విడిపోయేలా అమర్చి, చిప్పు లోపల కాలిని సెల్ వైపు లాగి ఉంచే పుల్లప్ రెసిస్టర్‌ను వాడేవాళ్లుంటారు. ఆ రెసిస్టర్ 20 నుంచి 50 వేల ఓమ్‌ల మధ్య ఉంటుంది. 35 వేలు అనుకుంటే దాని గుండా పగలూ రాత్రీ 86 మైక్రో ఆంపియర్లు కారిపోతుంటాయి. సెల్ మూడున్నర నెలల్లో ఖాళీ. ఉగాదికి ఇచ్చిన కార్డు వరలక్ష్మీ వ్రతం నాటికి మూగబోతుంది.

నేను చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకం. కార్డు తెరిచినప్పుడే సెల్ చిప్పుకు తగులుతుంది. మడత మీదుగా గట్టి ప్లాస్టిక్ షీటు నాలుక ఒకటి వేస్తాను. దాని ఒక కొస ఎడమ పేజీకి అతికి ఉంటుంది, రెండో కొస కుడి పేజీలో రెండు రాగి ముక్కల మధ్య దూరి వాటిని విడదీసి ఉంచుతుంది. కార్డు తెరిస్తే నాలుక జరుగుతుంది, రాగి రాగి కలుస్తాయి, చిప్పు మేలుకుని మొదటి నుంచి పాడుతుంది. మొదటి స్వరానికి ముందు అర సెకను ఆగమని ప్రోగ్రాములో రాస్తాను. తెరిచే చెయ్యి కార్డును పూర్తిగా విప్పడానికి అంత సమయం కావాలి. పాట అయ్యాక కార్డు తెరిచే ఉంచేస్తారు కదా, అందుకు చిప్పును గాఢనిద్రలోకి పంపాలి. ముందు వోల్టేజీ కొలిచే ఏడీసీ భాగాన్ని ఆపితేనే అది నిజంగా నిద్రపోతుంది, అప్పుడు మైక్రో ఆంపియర్‌లో అయిదో వంతు మాత్రమే తీసుకుంటుంది. బిళ్ల సెల్ తనంతట తాను కోల్పోయేది కూడా దాదాపు అంతే.

ఇంకో నియమం: తీగ గానీ రాగి టేపు గానీ మడతను దాటకూడదు. రాగి టేపు మడత మీద కొన్నాళ్లు బాగానే ఉండి తర్వాత కంటికి కనపడకుండా చిట్లుతుంది. సర్క్యూట్ మొత్తం ఒకే పేజీలో ఉండాలి, నాలుక తప్ప ఇంకేదీ అటు పోకూడదు. కాగితం మీద సోల్డరింగ్ అంటే అందరూ భయపడతారు గానీ, సన్నటి మొన ఉన్న ఐరన్‌తో రెండు సెకన్లలో పని ముగిస్తే కాగితానికి మచ్చ కూడా పడదు. పొడుగు కాళ్ల చిప్పు వద్దు, ఉపరితలం మీద అతికే రకం తీసుకోవాలి, అది రెండు మిల్లీమీటర్ల మందమే. ప్రోగ్రాము ఎక్కించడానికి ఆర్డినో యూనో బోర్డునే ప్రోగ్రామరుగా వాడతాను. చిప్పును అతికించాక కూడా దాని కాళ్లకు పిన్నులు తాకించే వీలుండేలా టేపు ముక్కలు బయటికి వదులుతాను. ఏడాది తర్వాత పాట మార్చమని వచ్చేవాళ్లు ఉన్నారు.

సెల్ విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. లిథియం సెల్‌కు నేరుగా సోల్డర్ పెట్టను. పసిపిల్లలున్న ఇంటికి వెళ్లే కార్డులో సెల్ జేబును నాలుగు వైపులా కుట్టించి, పైన గట్టి అట్ట అతికిస్తాను, చింపితే తప్ప బయటికి రాదు. 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ పిల్లల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలి పుండు పడుతుంది. కార్డు ఇచ్చేటప్పుడు ఇది కూర్చోబెట్టి చెబుతాను. సెల్ కనపడకపోతే ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి పొమ్మంటాను. టీచరమ్మ కార్డును పిల్లకు ఇవ్వవద్దనీ, పిల్లకు వినిపించి మళ్లీ బీరువాలో పెట్టమనీ చెప్పాను.

పెద్ద ఆర్డర్లు తీసుకోకపోవడానికీ కారణం ఈ సెల్‌లే. ఒకాయన కూతురి పెళ్లికి శుభలేఖలన్నీ నాదస్వరంతో పాడాలని అడిగారు, వందల్లో. శుభలేఖను చూసి తేదీ రాసుకుని పక్కన పడేస్తారు. అన్ని లిథియం సెల్‌లు చెత్తలో కలవడం నాకు ఇష్టం లేదు. ఇంటి పెద్దలకు, దాచుకునేవాళ్లకు మాత్రం చేసిస్తానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. ప్రతి కార్డు వెనకా సెల్ అయిపోతే నా కొట్టుకే తెచ్చివ్వమని రాసి ఇచ్చాను. వాటిని రెండు ముఖాలకూ టేపు వేసి డబ్బాలో దాచి, బ్యాటరీలు సేకరించేవాళ్లకు అప్పగిస్తాను.

ఆ నాదస్వరం పనే ఇప్పుడు బల్ల మీద ఉంది. నేను వాడే టైమరులో ఇంకో వీలుంది: కంపనం పొడవు మార్చకుండా అందులో కరెంటు ఉండే భాగాన్ని తగ్గించవచ్చు. 180 లెక్కల్లో 90 లెక్కలు కరెంటు ఉంటే పూర్తి శబ్దం, దాన్ని 60, 30, 10 చేసుకుంటూ పోతే స్వరం మెల్లగా తగ్గుతుంది. ఒక్కసారిగా మొదలై నెమ్మదిగా ఆరిపోతే వీణ మీటినట్టు ఉంటుంది. నాదస్వరానికి ఇది తిరగబడాలి. ఊపిరి నిండేకొద్దీ స్వరం పెరగాలి, చివర చటుక్కున ఆగాలి. 10 నుంచి 90కి ఎంత కాలంలో ఎక్కాలో ఇంకా కుదరలేదు. ఎక్కువసేపైతే వెనకబడినట్టు, తక్కువైతే హారన్ లాగా వస్తోంది. మా వీధి చివర నాదస్వరం వాయించే పెద్దాయన ఉన్నారు, పెళ్లిళ్ల సీజన్ కాబట్టి మధ్యాహ్నాలు మాత్రమే దొరుకుతారు. రేపు బోర్డు తీసుకుని ఆయన దగ్గరికి పోతున్నాను. ఆయన ఊదుతుంటే పక్కన కూర్చుని, ప్రతి స్వరం ఎంతసేపట్లో నిండుతోందో కొలుచుకోవాలి.